మూడడుగుల పరుపు

అవిలాల, తిరుపతి
జనవరి 19

మదార్‌బీ వదినకు,

మీ మరదలు సుమయ్యా సలాములు. మీ తమ్ముడు, పాప, నేను బాగున్నాము. మీ ఆయాసం ఎలా ఉంది? మీకు ఫోన్ చేస్తే వినపడదు, మెసేజ్ పెడితే జవాబు రాదు. మీ తమ్ముణ్ణి అడిగితే నవ్వాడు. "దూది ఏకే మిషన్ మోతకు అక్క చెవులు పోయినాయి. దబ్బనం పట్టి పట్టి వేళ్లు కాయలు కాసినాయి. ఆ వేలు పెడితే ఫోను అద్దం పలకదు. కాయితం మీద రాసి పంపు, అక్కకు అదే ఇష్టం" అన్నాడు. అందుకని పాప నోటుబుక్కులోంచి కాగితాలు చించి రాస్తున్నాను.

ఇల్లు పూర్తయింది. రంగులు కూడా వేయించాము. రెండు పడగ్గదులు. పెద్దది మాకు, చిన్నది మీకు. ముగ్గు పోసిన రోజే మీ తమ్ముడు ఆ మాట అన్నాడు, నేనూ కాదనలేదు. దూది దుమ్ములో ఉంటే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు మీకు చెప్పాడట కదా. అంగడి మూసేసి రంజాన్ పండక్కి వచ్చేయండి.

నాకిప్పుడు మంచం పెద్ద తలనొప్పి అయింది. అంగట్లోవాడు క్వీన్ అంటాడు, కింగ్ అంటాడు. మా గది వాడేమైనా చూశాడా? తాతల నాటి నుంచి పరుపులు కుట్టే ఇంట్లో ఆడబిడ్డ ఉండగా వాణ్ణి అడిగేదేమిటని లేచి వచ్చేశాను. ఎంత మంచం కొనాలో, దాని మీద ఎంత పరుపు వేయాలో రాయండి. పరుపు మాత్రం మీ చేతిదే కావాలి. దిండ్లు అక్కర్లేదు, పోయినేడు రెండు కుట్టించాను.

మీ
సుమయ్యా


సంతపేట, చిత్తూరు
జనవరి 27

సుమయ్యాకు,

జాబు అందింది. నువ్వు నన్ను సలహా అడిగావు, ఈ ఏడు వానలు బాగా పడతాయి.

మంచం కొనేవాళ్లు అంగట్లో మంచాన్ని చూస్తారు కానీ ఇంట్లో గదిని చూడరు. గది కొలవడమంటే ఈ గోడ నుంచి ఆ గోడకు టేపు పట్టడం కాదు. ముందు గది తలుపు పూర్తిగా తెరువు. అది తిరిగినంత మేర నీది కాదు, తలుపుది. తర్వాత బీరువా తలుపులు తెరువు. అదీ నీది కాదు. మిగిలిందే నీ గది. అందులో మంచం పక్కన రెండడుగుల నడక వదలాలి. వదలకపోతే దుప్పటి మార్చిన ప్రతిసారీ మోకాళ్లు కొట్టుకుంటాయి.

పొడవు సంగతికొస్తే, ఇంట్లో పొడుగైన మనిషికి ఒక జాన ఎక్కువ ఉండాలి. తమ్ముడు కాశిం ఆరడుగులకు కొంచెం తక్కువ, ఆరున్నర చాలు. వెడల్పుకు మా నాయన చెప్పిన ఉపాయం ఒకటుంది. ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడుకొని చేతులు తలల కింద పెట్టుకోండి. మోచేతులు తగలకుండా ఎంత పడుతుందో అదే మీ వెడల్పు. సిగ్గుపడితే తర్వాత ఏడుస్తారు. నమాజు చేసే దిక్కు కనుక కాళ్లు పడమరకు రాకూడదని నీకు చెప్పక్కర్లేదు. కొనే ముందు ఆ కొలతకు నేల మీద పేపర్లు పరిచి నాలుగు రోజులు వాటి చుట్టూ తిరగండి. పేపరు తొక్కారంటే మంచం పెద్దదయినట్టే.

నాకు కొత్త మంచం వద్దు. మూడడుగుల ఇనుప మంచం ఉంది, అదే తెచ్చుకుంటాను. మనిషి నిద్రలో అటూ ఇటూ తిరగాలంటే మూడడుగులు కావాలి. అంతకు తగ్గితే పడుకోవచ్చు గానీ తిరగలేరు. నేను మొదటిసారి ఆస్పత్రిలో చేరే ముందు అమ్మను మీ దగ్గరికి పంపుతూ అందుకే మూడడుగుల పరుపు కుట్టి వెంట పంపాను. ఏడాదికి నేను మళ్లీ ఆస్పత్రిలో ముక్కుకు మాస్కు పెట్టుకొని ఉండగానే అమ్మ పోయింది. మూడోనాటికి నేను వచ్చేసరికి మంచం కూడా ఎత్తేసి ఉంది. చివరి చూపు లేదు. నిద్రలోనే పోయిందని నువ్వు చెప్పిన మాటే పట్టుకొని ఉన్నాను. కనీసం మంచి పరుపు మీద పోయింది, అది నా చేతిది అని ఒక తృప్తి.

చిన్న గది కొలత కూడా రాయి. మీ పరుపుకు కొత్త బూరుగు దూది తెప్పిస్తాను. నేను కుట్టే ఆఖరి పరుపు అదే.

మదార్‌బీ


అవిలాల, తిరుపతి
ఫిబ్రవరి 10

మదార్‌బీ వదినకు,

మీరు చెప్పినట్టే పేపర్లు పరిచాను. తలుపు, బీరువా పోగా పెద్ద గదిలో అయిదడుగుల మంచం పడుతుంది. కానీ వదినా, పాప మా మధ్యలో పడుకొని గుర్రంపిల్లలా తంతుంది. మీ తమ్ముడు లారీ దిగి ఇంటికొచ్చేది నెలకు నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులైనా నడుం చాచుకోవాలి కదా. ఆరడుగుల మంచమే కొనేశాము. ఆరు, ఆరున్నర. పరుపు ఆ కొలతకే కుట్టండి.

దాంతో బీరువాకు చోటు లేక చిన్న గదిలోకి మార్చాల్సి వచ్చింది. నా కుట్టు మిషన్ కూడా అక్కడే. మీ ఇనుప మంచానికి కూడా పేపర్లు పరిచి చూశాను. ఒక వైపు వేస్తే రెండడుగుల నడక మిగలడం లేదు. ఇంకో వైపు తిప్పితే కాళ్లు పడమరకు వస్తున్నాయి. రెండూ కూడదని మీరే రాశారు. మీ మాట జవదాటడం నాకిష్టం లేదు.

బాగా ఆలోచించి ఒక దారి చూశాను. పాత ఇంట్లో అత్త పడుకున్న బల్ల అటక మీద ఉంది. వెడల్పు రెండడుగులే, చిన్న గదిలో గోడకు ఆనించి చక్కగా పడుతుంది. మీరు ఎలాగూ సన్నటి మనిషి. దాని పరుపు కూడా దాచిపెట్టాను. దూది ఇంకా బాగుంది, వృథా చేయడమెందుకు? ఏకించి మళ్లీ కుట్టుకుంటే మీకే పనికొస్తుంది. రేపు ఆటో మునిచంద్రతో బస్టాండుకు పంపి చిత్తూరు బస్సులో వేయిస్తాను. బల్లకు పక్కన ఒక తాడు కట్టుకుంటే అత్తలాగా కిందపడే భయం కూడా ఉండదు.

పాప మిమ్మల్ని అడిగిందని చెప్పమంది.

మీ
సుమయ్యా


సంతపేట, చిత్తూరు
ఫిబ్రవరి 16

సుమయ్యాకు,

పరుపు అందింది. ఇంకా విప్పలేదు.

అత్తలాగా కిందపడే భయం ఉండదని రాశావు. అమ్మ ఎప్పుడు పడింది? ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. బల్ల సంగతి కూడా చెప్పలేదు.

బూరుగు దూది వచ్చింది. ఆరు, ఆరున్నర. గలీబు గుడ్డ కత్తిరించాను. పండగకు ముందే అందుతుంది.

మదార్‌బీ


అవిలాల, తిరుపతి
ఫిబ్రవరి 25

మదార్‌బీ వదినకు,

మీ జాబు చదివి నాకు రెండు ముద్దలు గొంతు దిగలేదు. ముసలివాళ్లన్నాక పడతారు, లేస్తారు. ఏదో మాటవరసకు రాసినదాన్ని పట్టుకొని పోలీసులు అడిగినట్టు అడిగారు. అత్త నిద్రలోనే పోయారు. అంతకు మించి ఏమీ లేదు. ఏడాది నేను ఆమెకు అన్నం పెట్టాను, ఒళ్లు తుడిచాను. మీరు ఆస్పత్రి నుంచి వచ్చాక మళ్లీ తీసుకెళ్తానని ఒక్కసారైనా అన్నారా? అడగడం సులువే.

ఈ సంగతులు దయచేసి మీ తమ్ముడికి రాయకండి. రాత్రీ పగలూ లారీ నడిపే మనిషి. మనసు చెదిరితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

ఇంకో మాట, ఎలా చెప్పాలో తెలియడం లేదు. సూళ్లూరుపేటలో కంపెనీలో పని చేసే మా అన్న అష్ఫాక్ ఇకపై శని, ఆదివారాలు మా ఇంటికే వస్తాడు. చిన్న గదిలో అతనికి నాలుగడుగుల మంచం వేశాము. మగమనిషిని బల్ల మీద పడుకోమనలేము కదా. కాబట్టి మీరు వస్తే హాల్లో చాప వేసుకోవాలి. లేదంటే బకరీద్ దాకా చిత్తూరులోనే సర్దుకోగలరేమో చూడండి. మీరు చిన్నప్పటి నుంచి దూది బస్తాల మీద పడుకున్న మనిషి, మీకేం కష్టం కాదని మీ తమ్ముడితో కూడా అన్నాను.

పండక్కి చుట్టాలు వస్తున్నారు. పరుపు మాత్రం ఆలస్యం చేయకండి.

సుమయ్యా


సంతపేట, చిత్తూరు
మార్చి 12

సుమయ్యాకు,

ఈ రోజు బస్సులో నీ పరుపు పంపాను. ఆరు, ఆరున్నర, అంగుళం తేడా లేదు. పరుపుతో పాటు ఈ జాబు కూడా చదువుకో.

అమ్మ పరుపు విప్పాను. పరుపు విప్పితే దాని మీద పడుకున్న మనిషి ఎలా బతికిందో తెలిసిపోతుంది. నీ పుట్టింట్లో ఈ పని లేదు కాబట్టి నీకు ఆ సంగతి తెలియదు. తెలిసి ఉంటే దాన్ని నా దగ్గరికి పంపేదానివి కాదు.

నేను కుట్టినప్పుడు దాని రెండు అంచులకూ ఎర్ర చారలు ఉన్నాయి. ఇప్పుడు ఒకే అంచుకు ఉంది. రెండో అంచున నైలాన్ దారంతో గొలుసు కుట్టు. నేను నైలాన్ వాడను. మూడడుగుల పరుపు నీ రెండడుగుల బల్లకు పట్టలేదు, అందుకని అడుగు వెడల్పు నిలువునా కోసేశావు. బల్లను మార్చడం కంటే పరుపును కోయడం నీకు తేలికైంది. పోయినేడు రెండు దిండ్లు కుట్టించానని రాశావు. వాటికి దూది ఎక్కడిదని అడగను. మనలో పోయినవాళ్ల పరుపు దూది ఇంకొకరికి వాడరు, గుంత తీసి పూడుస్తారు. నాయన చివరి దాకా ఆ నియమం తప్పలేదు. నువ్వు అంతదాకా కూడా ఆగలేదు, మనిషి బతికి ఉండగానే తీసుకున్నావు.

గోడ వైపు దూది అట్టలా గట్టిపడి ఉంది. ఇవతలి వైపు దూది నేను నింపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అమ్మ ఒక్కరోజు కూడా అటు జరగలేదు. మిగిలిన రెండడుగుల్లో ఒక్క అడుగే వాడుకొని గోడకు కరుచుకొని పడుకుంది. గోడ వైపు అంచున, రొమ్ము దగ్గరికి వచ్చే చోట, గుడ్డ పీలికలైపోయింది. గోళ్లతో పట్టుకొని పట్టుకొని అలా అయింది. రాఘవమ్మ నా పక్కనే కూర్చొని ఉంది. నీకు గుర్తుండే ఉంటుంది, కాణిపాకంలో యాత్రికులకు గదులు అద్దెకిస్తుంది, నా దగ్గరే పరుపులు కుట్టించుకుంటుంది. ఆ పీలికలు చేతిలోకి తీసుకొని నా చెవి దగ్గర అరిచింది. "ఏందే మదారూ ఇది? యాడన్నా పిల్లి గీకిందా?" అంది. కాదు, మా అమ్మ అన్నాను. ఆమె ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ రోజు మిషన్ ఆపకుండా పొద్దుగూకేదాకా దూది ఏకాను. రాత్రి నోట్లోంచి నెత్తురు పడింది.

అమ్మ దూది కూడా ఏకాను. ఏకితే పాతదీ కొత్తదీ ఒకేలా పొంగుతుంది, చేత్తో పట్టి చూసినా తెలియదు. వృథా చేయొద్దని నువ్వే రాశావు. వృథా చేయలేదు.

కాశింకు ఏమీ చెప్పను. చెబితే వాడు ఏడుస్తాడు, నిన్ను రెండు రోజులు తిడతాడు, మూడో రోజు లారీ ఎక్కి మర్చిపోతాడు. వాడికి చెప్పి నిన్ను అంత సులువుగా వదిలిపెట్టను.

పరుపు రోజు మార్చి రోజు ఎండలో వెయ్యి. హాయిగా పడుకో.

మదార్‌బీ


అవిలాల, తిరుపతి
ఏప్రిల్ 22

వదినా,

పరుపు దించుకున్న రోజు నుంచి నేను దాని మీద పడుకోలేదు. నీకు ఇదే కావాలి, తెలుసుకో.

మీ తమ్ముడు వచ్చిన ప్రతిసారీ దాని మీద కాళ్లూ చేతులూ బార్లా చాపుకొని పడుకుంటాడు. "అక్క చెయ్యి పడితే పరుపు ఇట్లుంటాది సూడు. ఇంత నిద్ర నేను ఎప్పుడూ పోలేదబ్బా" అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. నాకు నడుం నొప్పి, మెత్తటి పరుపు పడదని అబద్ధం చెప్పి చిన్న గదిలోకి వచ్చేశాను. మా అన్న వస్తే చోటు లేక ఇప్పుడు రావడం మానేశాడు. ఆ మంచం మీద పడుకుందామన్నా నాకు దిండులో నీ అమ్మే కనిపిస్తుంది. దిండ్లు రెండూ మునిసిపాలిటీ బండిలో వేసేశాను. అయినా ఆ మంచం ఎక్కలేక బీరువాకూ కుట్టు మిషన్‌కూ మధ్య నేల మీద చాప వేసుకుంటున్నాను. ఎంత వెడల్పని నువ్వే అడుగుతావు. రెండడుగులు.

ఒక రోజు బ్లేడు తీసుకొని పరుపు కుట్లు విప్పబోయాను. మీ తమ్ముడు సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చాడు. "అక్క ప్రాణం పోతా ఉన్నా కుట్టి పంపిన ఆఖరి పరుపు అది. దాని మీద బ్లేడు పెడితే నిన్ను మీ అన్న దగ్గరికి సూళ్లూరుపేటకు పంపిస్తా" అన్నాడు. ఎందుకు విప్పుతున్నానో నేనేం చెప్పగలను?

ఆ పాత ఇల్లు నువ్వు చూసినదే. నడవాలో మూడడుగుల మంచం వేస్తే వంటింట్లోకి దారి లేదు. గదిలో పాప ఉయ్యాల ఉంది. నన్నేం చేయమంటావు? నేనేమీ ఆమెను తోసేయలేదు. ఆ రోజు తెల్లవారుజామున చప్పుడు వినపడింది. పిల్లి అనుకున్నాను వదినా. అల్లా సాక్షిగా పిల్లే అనుకున్నాను. అనుకొని మళ్లీ పడుకున్నాను. లేచి చూసేసరికి అంతా అయిపోయి ఉంది.

ఒక్క మాట రాయి. ఆ దూది ఇందులో ఉందా, లేదా? ఉందంటే ఎలాగోలా మీ తమ్ముణ్ణి ఒప్పించి మార్చుకుంటాను. లేదంటే పడుకుంటాను. చిన్న గది ఖాళీ చేయిస్తాను, బీరువా హాల్లో పెట్టిస్తాను. నీ మూడడుగుల మంచం తెచ్చుకో. నీకు కావాల్సింది అదే కదా, వచ్చెయ్యి.

సుమయ్యా


కాణిపాకం
మే 6

సుమయ్యాకు,

నీ జాబు సంతపేట చుట్టి ఇక్కడికి చేరింది. అంగడి మూసేశాను. రాఘవమ్మ తన అద్దె గదుల వెనక నాకొక గది ఇచ్చింది. కిటికీ కింద నా ఇనుప మంచం వేసుకున్నాను. పక్కన నడవడానికి రెండడుగులకు పైనే మిగిలింది. యాత్రికులు ఖాళీ చేసిన గదుల్లో దుప్పట్లు మార్చడం నా పని. ఊపిరాడని దమ్ము అలాగే ఉంది, తగ్గదట. నీ ఇంటికి రాను. ఇంకో జాబులో పిలవొద్దు.

దూది ఉందా లేదా అని అడిగావు. లేదు.

నువ్వు కోసుకోగా మిగిలిన దూది ఏకితే నాలుగు దిండ్లకు సరిపోయేంత అయింది. పూడ్చాలి. గుంత దాకా తీసుకెళ్లి మూడు వంతులు పూడ్చాను, చివరి దిండెడు దూది మీద మట్టి వేయలేక వెనక్కి తెచ్చుకున్నాను. నాయన నియమం నేను కూడా తప్పాను. అది ఇప్పుడు నా తల కింద ఉంది. నీకు పంపింది అంతా కొత్త బూరుగు దూది. అంత మంచి పరుపు ఇంతవరకూ నేను కుట్టలేదు. అందులో మీ అత్త లేదు, మరొకరు లేరు. ఇన్నాళ్లు నువ్వు దాని మీద పడుకోలేకపోయావంటే దూదిని అనొద్దు.

ఇప్పుడు నీకు తెలిసింది కనుక చాప చుట్టేసి పెద్ద గదిలోకి వెళ్లు. కాశిం బార్లా పడుకుంటాడు, మధ్యలో పాప తంతుంది. ఆరడుగులైనా నీకు మిగిలేది అంచే. జాగ్రత్తగా పడుకో. తెల్లవారుజామున నువ్వు కిందపడితే, పిల్లి అనుకొని వాళ్లు మళ్లీ పడుకుంటారు.

మదార్‌బీ